డెబ్బై ఏళ్ళ లెక్క

తాత అంకెలు రాసి బతికాడు. అక్షరాలు కూడా రాసేవాడుగానీ వాటి మీద ఆయనకు పెద్ద గౌరవం లేదు. అక్షరం కాస్త వంకర పోయినా జనం ఎలాగోలా కూడబలుక్కుని చదువుకుంటారు, అంకె తప్పితే మాత్రం మనిషి వెళ్ళి పరాయి తలుపు కొడతాడు అనేవాడు. ఇంటి తలుపులు, బస్సుల వీపులు, ఆస్పత్రి మంచాలు, బడి బల్లలు, ఎక్కడ నంబరు కావాలన్నా ఆయన్నే పిలిచేవాళ్ళు. వీధిలో ఆయన పేరు చాలామందికి తెలియదు. అంకెల తాత అంటే చాలు.

పాత ఎక్స్‌రే ఫిల్ములు కత్తిరించి చేసుకున్న అచ్చులు ఆయన డబ్బాలో ఉండేవి. ఎవరిదో పక్కటెముక మీద మూడు, ఎవరిదో మోచెయ్యి మీద ఎనిమిది. ఆరుకీ తొమ్మిదికీ అచ్చు ఒకటే. తిప్పి పెడితే సరిపోయేది. ఈ పిసినారితనానికి కూడా ఆయన దగ్గర వాక్యం సిద్ధంగా ఉండేది. ఆరు మనిషి అంకె, దేవుడు మనిషిని ఆరో దినాన చేశాడు, ఏడుకి ఒకటి తక్కువ గనకే మనిషి ఎప్పుడూ ఏదో ఒకటి తక్కువై ఏడుస్తుంటాడు. తొమ్మిది ఆత్మఫలాల అంకె. కాబట్టి మనిషిని తలకిందులు చేస్తేగానీ ఫలాలు రాలవు అంటూ అచ్చు తిప్పి తలుపుకి ఆనించేవాడు.

వచ్చినవాడి నంబరు ఏదైనా సరే, దాన్ని బైబిల్లో ఒక చోట కూర్చోబెట్టకుండా తాత కుంచె ముంచేవాడు కాదు. మూడంటే త్రిత్వం, యోనా చేప కడుపులో పడి ఉన్న దినాలు. నాలుగంటే నాలుగు దిక్కులు, నాలుగు సువార్తలు. ఏడు వస్తే ఇక చెప్పనక్కర్లేదు, యెరికో గోడలు కూలినంత చప్పుడు చేసేవాడు. ఎనిమిదో నంబరు బస్సు డ్రైవరుకైతే, ఓడలో నోవహు కుటుంబం ఎనిమిదిమందే గనక నీ బస్సు వరదలో కూడా మునగదని భరోసా ఇచ్చాడు. ఆ అమాయకుడు వానాకాలంలో ఆ మాట నమ్మి నీళ్ళు పారుతున్న వంతెన మీదికి పోనిచ్చి, చివరికి బస్సు పైకెక్కి కూర్చుని తాత ఏడు తరాలనీ తిట్టాడట. మునగలేదు కదా, ఆగింది అంతే అన్నాడు తాత.

నలభై నంబరు టాక్సీ ఆయనకి ఆ అంకె అర్థం చెప్పగానే ముఖం వాడిపోయింది. నలభై పరీక్షల అంకె. వాన నలభై పగళ్ళు నలభై రాత్రులు, ఎడారిలో దేవుడి ప్రజల తిరుగుడు నలభై ఏళ్ళు. ఎవరు మాత్రం సంతోషిస్తారు. వెంటనే తాత సర్దేశాడు. అన్నేళ్ళు తిరిగినా వాళ్ళ కాళ్ళ చెప్పులు అరగలేదని రాసి ఉంది, నీ టైర్లు కూడా అరగవు పో అన్నాడు. మూడు ఆర్లు వరసగా వచ్చిన మోటారు సైకిలు కుర్రాడికి మాత్రం, బైబిలు చివర్లో వచ్చే సాతాను పక్షపు మృగం అంకె అదే గనక, ఆ ముద్ర వేయలేక, చివరి ఆరుకి తోక కుదించి సున్నాకి దగ్గరగా రాసిచ్చాడు. పోలీసాయన బండి ఆపి, కుర్రాణ్ణి వెంటబెట్టుకుని తాత దగ్గరికే వచ్చి ఇది ఆరా సున్నానా అని నిలదీశాడు. చూసేవాడి విశ్వాసాన్ని బట్టి ఉంటుంది సార్ అన్నాడు తాత. ఆ సార్‌కి విశ్వాసం తక్కువ. తోక మళ్ళీ పెట్టించాడు.

ఒక పాత పాస్టరు గారు మాటవరసకి, హెబ్రీ భాషలో అక్షరాలే అంకెలు కూడా, పేరు రాస్తే ఒక మొత్తం వస్తుంది అన్నారు. ఆ మాట ఆయన మర్చిపోయారు, తాత మర్చిపోలేదు. మన అక్షరాలేం తక్కువ తిన్నాయని అ ఒకటి, ఆ రెండు అనుకుంటూ వీధిలో వాళ్ళ పేర్లన్నీ తూకం వేయడం మొదలుపెట్టాడు. వత్తు దగ్గర బండి ఆగిపోయింది. వత్తుకి పూర్తి అక్షరం విలువ కట్టాలా, సగమా? హెబ్రీ వాళ్ళకి ఈ బాధ లేదు, అడుగుదామన్నా వాళ్ళకి తెలియదు. అందుకని తాత నచ్చినవాళ్ళకి సగం, నచ్చనివాళ్ళకి పూర్తి కట్టాడు. ఆ లెక్కలో ఆయన బావమరిది పేరు సరిగ్గా ఆరు వందల అరవై ఆరు తేలింది. తాత ఆనందానికి పట్టపగ్గాల్లేవు. నానమ్మ తన తమ్ముడి మీద పడ్డ మాట విని, అదే రాయితో నీ పేరు కూడా తూచు అంది. తూచాడు. మృగాన్ని కూడా దాటి ఎక్కడికో పోయింది. ఈ పద్ధతి హెబ్రీకే పనికొస్తుందని ఆ సాయంత్రమే తేల్చేశాడు.

ఇంత ధారాళంగా అన్ని అంకెల్నీ దీవించే మనిషి ఒక్క పదమూడు దగ్గర బిగుసుకుపోయేవాడు. ప్రభువు చనిపోయే ముందు రాత్రి తిన్న కడరా భోజనం బల్ల చుట్టూ పదమూడుమంది కూర్చున్నారు, అందులోంచి యూదా ప్రభువుని పట్టివ్వడానికి లేచి చీకట్లోకి వెళ్ళాడు. ఆదికాండంలో రాజులు పన్నెండేళ్ళు అణిగి ఉండి పదమూడో ఏట తిరగబడ్డారు. ఇంకేం కావాలి సాక్ష్యం? పదమూడు రాయమని వచ్చినవాళ్ళకి పన్నెండు పక్కన చిన్న 'ఎ' చేర్చి పంపేవాడు.

ఆయన కాపురమున్న మూడంతస్తుల ఇంట్లోనే, కింద వెనకవైపు, పెరట్లోకి తెరుచుకునే రెండు గదులు పదమూడో నంబరువి. ఓనరమ్మ కరెంటు మీటరు పదమూడు మీదే ఉంది, నీ ఎ, బి, సీలు నాకొద్దు పెద్దాయనా అంది. తాత రాయనన్నాడు. తాత ఉండగా వేరేవాణ్ణి పిలిస్తే బాగుండదని ఆమె ఊరుకుంది. అలా ఆ తలుపు ఏళ్ళ తరబడి బోడిగా ఉండిపోయింది. అందులో దిగినవాళ్ళెవరూ నిలవలేదు. ఒకాయనకి కాగితం అందక ఉద్యోగం పోయింది, ఇంకొకామెకి గ్యాస్ బండ ఎప్పుడూ పక్కింట్లో దిగేది, చివర్లో ఉన్న దర్జీ ఆమె భర్త ఆ గదిలోనే మంచం పట్టి పోయాడు. ఒక్కొక్కరు సామాను కట్టుకుంటుంటే తాత మెట్ల మీద నిలబడి, చూశారా, నేను చెప్తే విన్నారా అన్నట్టు తల ఆడించేవాడు.

దర్జీ ఆమె కూడా వెళ్ళిపోయాక ఆ గదులు ఖాళీ అయ్యాయి. అక్కడ మొదలైంది అసలు గొడవ.

తాత, నానమ్మ ఉండేది మూడో అంతస్తులో. ప్రభువు లేచింది మూడో దినం గనక ఆ అంతస్తు తాత ఏరి కోరి తీసుకున్నదే. లేచిన ఆయనకి మళ్ళీ కూరగాయలకి దిగాల్సిన పని లేదు, నాకుంది అనేది నానమ్మ. మోకాళ్ళు బాగున్నన్నాళ్ళు అది హాస్యం. తర్వాత మోకాళ్ళు అరిగిపోయాయి. తాడు కట్టిన బుట్టని కిటికీలోంచి దించి, బేరం పైనుంచి అరిచి, బుట్ట లాక్కునేది. ప్రార్థనకి తీసుకెళ్తామని ఇద్దరు కుర్రాళ్ళు ఒకసారి కుర్చీలో కూర్చోబెట్టి దించారు. బైబిల్లో పక్షవాయువు వాణ్ణి ఇంటికప్పు విప్పి దించినట్టు నన్ను ఊరంతా చూసింది, ఇక రాను అని తేల్చేసింది. అప్పట్నుంచి ఆమె కాలికి వీధి మట్టి అంటలేదు. ఏ తలుపు చప్పుడు ఎవరిదో, ఏ దగ్గు ఎవరిదో చెప్పగలదు. మనుషుల్ని మాత్రం నడినెత్తుల దగ్గర్నుంచే చూసేది.

ఖాళీ సంగతి తెలియగానే ఆ గదులు మనం తీసుకుందాం అంది. తాత వినిపించుకోనట్టు కుంచెలు కడిగాడు. మళ్ళీ అంది. పదమూడు అన్నాడు. ఓనరమ్మ పైకొచ్చి, ఆదివారం దాకా ఆగుతాను, ఆ తర్వాత కొరియర్ ఆఫీసు వాళ్ళకిచ్చేస్తాను, వాళ్ళు అడుగుతూనే ఉన్నారు అని చెప్పి వెళ్ళింది. నానమ్మ ఏడవలేదు, అరవలేదు. కిటికీ దగ్గర కూర్చుని బుట్ట తాడుకి పడ్డ ముడులు ఒక్కొక్కటీ విప్పసాగింది. తాతకి ఆ తీరు కాస్త భయం పుట్టించింది. అయినా ఆయన దగ్గర పాత ఆయుధం ఒకటుంది.

అదేమిటంటే, పెళ్ళైన కొత్తలో ఇద్దరూ బస్సెక్కారు. సీట్లో కూర్చున్నాక తాత టికెట్ చూస్తే చివర పదమూడు కనబడింది. కదులుతున్న బస్సులోంచి దూకేశాడు. కొత్త పెళ్ళికూతురు, ఆమె ట్రంకు పెట్టె బస్సుతోనే పోయాయి. చివరి స్టాపులో ఆమె పెట్టె మీద కూర్చుని ఉండగా సాయంత్రానికి చేరుకుని, ఆమె నోరు తెరిచేలోపే వాక్యం ఎత్తాడు. సహోదరుణ్ణి ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా అని పేతురు అడిగితే, ఏడుసార్లు కాదు, డెబ్బై ఏళ్ళ మారులు అని ప్రభువు చెప్పాడు కదా. అంటే డెబ్బై సంవత్సరాలు. అప్పటిదాకా నన్ను క్షమిస్తూ ఉండాల్సిందే, నా మాట కాదు, ఆయన మాట. నానమ్మ పెట్టె మీంచి లేచి, సరే, డెబ్బై నిండాక చూస్తాను అంది.

ఆ మాట మీద తాత కాపురం చేశాడు. చేపలు తెమ్మంటే రంగు డబ్బా తెచ్చాడు. ఆమె చెల్లెలి పెళ్ళికి తెల్లారి బయల్దేరదామని మధ్యాహ్నం దాకా ఎవరిదో లారీకి నంబరు రాస్తూ కూర్చున్నాడు. ఆమె కొత్త ట్రంకు మూత మీద చేయి సాధన చేసుకున్నాడు. ప్రతిసారీ చెయ్యెత్తి, ఇంకా ముప్ఫై మిగిలున్నాయి, ఇంకా పాతిక ఉన్నాయి అని గుర్తుచేసేవాడు. ఇప్పుడు కూడా అదే తీశాడు. ఇంకా పందొమ్మిదేళ్ళు ఉన్నాయి అన్నాడు. నానమ్మ తాడు ముడి విప్పుతూనే, పాస్టరు అయ్యగారిని ఒకసారి ఇంటికి రమ్మను, ప్రార్థన చేయించుకోవాలి అంది.

తాత ఉత్సాహంగా పిలుచుకొచ్చాడు. పదమూడు సంగతి దైవజనుడి నోటే చెప్పిస్తే గొడవ ఉండదని ఆయన ఎత్తు. కొత్త పాస్టరు గారు కుర్రాయన, మెట్లెక్కి రొప్పుతూ కూర్చున్నారు. టీ ఇచ్చారు. తాత బల్ల, యూదా, తిరుగుబాటు, అన్నీ వరసగా అప్పజెప్పాడు.

ఆయన కప్పు కింద పెట్టి అన్నారు. "అంకెలు గుర్తుల్లాంటివి తాతగారూ, బోనులు కావు. బల్ల దగ్గర పదమూడుమంది ఉన్నమాట నిజమే. అందులో ఒకరు ప్రభువు. ఆయన్ని లేపేస్తే పన్నెండు. అలాంటి పన్నెండు మీకెందుకు?"

తాత మీసం తడుముకున్నాడు. కుర్రాయన, ఇంకా చదవాలి అనుకున్నాడు.

అప్పుడు నానమ్మ నెమ్మదిగా తన అనుమానం బయటపెట్టింది. డెబ్బై ఏళ్ళు క్షమించమన్నారు కదా అయ్యగారూ, అది పెళ్ళినాటి నుంచా, మొదటి తప్పు నాటి నుంచా అని అడిగింది. పాస్టరు గారికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వేశారు.

"ఏళ్ళంటే సంవత్సరాలు కాదమ్మగారూ. ఏడులు. డెబ్బై ఏడులు."

నానమ్మ చేతిలో తాడు ఆగింది. "ఎక్కాల్లో ఏడేళ్ళు నలభై తొమ్మిది అంటామే, ఆ ఏళ్ళా?"

"ఆ ఏళ్ళే."

"అయితే డెబ్బై ఏళ్ళు..." పెదాలు కదిలాయి. చిన్నప్పుడు వాళ్ళ నాన్న దుకాణంలో ఎక్కాలు వల్లించిన మనిషి, అంకెల తాతకంటే త్వరగానే తేల్చింది. "నాలుగొందల తొంభై. సార్లు."

ఆమె తాత వైపు తిరిగి చూసింది. తాత గోడ మీద బల్లిని చూశాడు.

పాస్టరు గారికి ఏదో జరిగిందని తెలిసి గబగబా సర్దబోయారు. అది లెక్కపెట్టమని చెప్పింది కాదు, ఏడు సంపూర్ణానికి గుర్తు, ఏడుని ఏడుతో, పదితో పెంచి చెప్పడమంటే లెక్కే మానేసి క్షమించమని... "మీరు టీ తాగండి అయ్యగారూ, చల్లారిపోతుంది" అంది నానమ్మ. ఆయన తాగారు. చిన్న ప్రార్థన చేసి, వచ్చినప్పటికంటే వేగంగా మెట్లు దిగిపోయారు.

నాలుగొందల తొంభై. చేపలకి బదులు రంగు డబ్బా తెచ్చిన సంవత్సరంలోనే అయిపోయి ఉంటుంది అంది నానమ్మ, తనలో తను అనుకుంటున్నట్టు. ఆ తర్వాత క్షమించిందంతా నా చేతి సొమ్ము. తాత రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. వాక్యం ఒక్కటీ దొరకలేదు. దొరకనప్పుడు మాత్రమే ఆయన నోటెంట నిజం వచ్చేది.

"ఆ గదిలో దర్జీ ఆమె ఆయన పోయాడే. అక్కడ నీకేమన్నా అయితే?"

నానమ్మ బుట్ట తాడు పక్కన పెట్టింది. "ఇక్కడ నాకేమీ కావట్లేదయ్యా. అదే నా బాధ. ఆ తలుపుకి నంబరు లేక ఎవరికీ ఏదీ అందలేదు. పదమూడు చెడ్డదై కాదు, నువ్వు రాయక."

తాతకి ఈ మాట ఎప్పుడూ తట్టలేదు. తట్టినట్టు ఒప్పుకోవడం కూడా ఇష్టం లేదు.

మర్నాడు పొద్దున్నే నానమ్మ దుప్పటిలో దిండు, రెండు చీరలు మూటకట్టి బుట్టలో పెట్టి కిందికి దించింది. తర్వాత తను మెట్ల మీద కూర్చుని, ఒక్కో మెట్టూ జరుగుతూ దిగడం మొదలుపెట్టింది. తాత మొదట వెనక నిలబడి వాదించాడు. రెండో అంతస్తు దగ్గర ముందుకి వచ్చి, చేతులు చాచుకుని వెనక్కి నడుస్తూ వాదించాడు. ఆమె ఊపిరి తీసుకోడానికి ఆగినప్పుడల్లా ఆయన వాదన కూడా ఆగేది, మళ్ళీ కదిలితే మొదలయ్యేది. కిందికి చేరేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి. నానమ్మ గోడ పట్టుకుని లేచి, ఓనరమ్మ దగ్గర తాళంచెవి తీసుకుని, బోడి తలుపు తెరిచి లోపలికి వెళ్ళింది. తాత గడప బయటే నిలబడిపోయాడు.

సిద్ధాంతం ప్రకారం ఆయన కాపురం మూడో అంతస్తులోనే. ఆకలి మాత్రం కిందికి లాక్కొచ్చేది. గడప దాటడు; బయట పీట వేసుకుని కూర్చుంటే లోపలినుంచి కంచం వచ్చేది. తిన్నంతసేపూ లోపలికి తొంగిచూసి, పొయ్యి అటు పెట్టావేంటి, ఆ కిటికీలోంచి చలిగాలి రాదా అని ఆరా తీసేవాడు. వచ్చి చూసుకో అనేది ఆమె. కంచం కడిగిచ్చి పైకి పోయేవాడు. పైన కిటికీ దగ్గర తాడు లేదు, తిట్టేవాళ్ళు లేరు. ఒక పూట ఆయనే అంకెల డబ్బాతో మాట్లాడాడని కింద వాళ్ళు చెప్పుకున్నారు.

నంబరు లేని తలుపు తన గుణం పోనిచ్చుకోలేదు. మోకాళ్ళ మందు తెచ్చిన కుర్రాడు మేడంతా తిరిగి, ఎవరూ లేరని రాసుకుని వెనక్కి పోయాడు. నానమ్మకి ఒళ్ళు మండింది. సుద్దముక్క తీసుకుని తలుపు మీద తనే పదమూడు వేసేసింది. ఒకటి తాగి నిలబడ్డట్టు పక్కకి ఒరిగింది. మూడు పొట్ట జారిపోయి నేలకి వేలాడింది.

సాయంత్రం తాత భోజనానికి దిగుతుంటే ఇద్దరు మనుషులు ఆ తలుపు ముందు నిలబడి ఉన్నారు. అంకెల తాత వాళ్ళావిడ ఇక్కడికి మారారట అన్నాడొకడు. రెండోవాడు ఆ మూడు వైపు చూసి, పాపం పెద్దాయనకి చెయ్యి పడిపోయినట్టుంది అన్నాడు.

తాత వెనక్కి తిరిగి మూడంతస్తులూ ఎక్కాడు. డబ్బా, నల్లరంగు, కుంచె, సుద్ద పూసిన దారం పట్టుకుని దిగాడు. గుడ్డతో సుద్ద తుడిచేశాడు. పన్నెండు పక్కన ఎ పెడితే అంటూ ఒక్కసారి లోపలికి గొణిగాడు. పదమూడే అని జవాబొచ్చింది.

దారం లాగి గీత కొట్టుకున్నాడు. అచ్చులు తీయలేదు, సొంత చేత్తోనే మొదలుపెట్టాడు. ఒకటి సాఫీగా దిగింది. మూడు దగ్గర కుంచె గాల్లో ఆగింది. ఆయన పెదాలు కదిలాయి, ప్రార్థనో, బతిమాలుకోవడమో. తర్వాత పై వంపు తిరిగింది, కింది వంపు తిరిగింది. బస్సులకీ బల్లలకీ ఎప్పుడూ ఇవ్వని కొసమెరుపు ఒకటి చివర ఇచ్చాడు. ఒకడుగు వెనక్కేసి చూసుకున్నాడు.

"ఒక సంగతి తట్టింది వినవే. బల్ల దగ్గర పదమూడోవాడు ప్రభువే. ఆయన్ని తీసేస్తే..."

"అయ్యగారు చెప్పారుగా."

"ఆయన చెప్పింది వేరు" అన్నాడు తాత, ఏ మాత్రం సిగ్గుపడకుండా.

నానమ్మ కర్ర పట్టుకుని బయటికొచ్చి ఆ నంబరు చూసింది. బాగుందని అనలేదు. రంగు ఆరేదాకా ఎవరూ ముట్టకుండా చూడు, ఇప్పుడే వస్తా అని వీధిలోకి నడిచింది. తాత ఆమె వెంట రెండడుగులు వేసి, రంగు వైపు చూసి ఆగాడు. ఆమె గోడ పట్టుకుంటూ మలుపు దాకా వెళ్ళింది. మలుపు తిరిగింది. ఇక కనబడలేదు.

రంగు ఆరడానికి ఎప్పుడూ పట్టనంతసేపు పట్టింది. దారినపోయే ప్రతివాణ్ణీ, కర్ర పట్టుకున్న ఒకావిడ కనబడిందా అని అడిగాడు. కనబడిందన్నవాణ్ణి, పడలేదు కదా అని అడిగాడు. దీపాల వేళకి ఆమె అదే మలుపులోంచి వచ్చింది. చేతిలో కొత్తిమీర కట్ట, ముఖం నిండా నవ్వు.

ఎక్కడికి పోయావంటే, కూరగాయల వాడి దగ్గరికి అంది. ఇన్నాళ్ళూ వాడి బట్టతల ఒక్కటే తెలుసట. వాడికి ఇంత మీసం ఉందట, దగ్గర్నుంచి బేరం చేస్తే వాడి నోరు సగం కూడా లేవడం లేదట. చెప్తూ చెప్తూ పీట మీద కూర్చుని మోకాళ్ళు నొక్కుకుంది. నొప్పి ఉంది, అది మామూలే అంది.

తాత ఆమె పక్కన, గడపకి ఇవతలే గొంతుక్కూర్చున్నాడు. కొత్తిమీర కట్ట విప్పుతూ అడిగాడు. "మరి నా లెక్క అయిపోయిందంటావు."

"ఎప్పుడో అయిపోయింది."

"ఇప్పుడెలా?"

నానమ్మ కొత్తిమీర వేళ్ళు తుంచుతూ అంది. "ఇన్నాళ్ళూ జీతం మీద ఉన్నావు. ఇక దినకూలి. ఏ రోజు క్షమాపణ ఆ రోజు సంపాదించుకోవాలి."

ఈ రోజుది అంటూ తాత తలుపు మీది నంబరు చూపించబోయాడు. అది మందు కుర్రాడు వెనక్కి పోయినదానికి సరిపోయింది అంది ఆమె. ఈ రోజు పనేంటంటే, పైనున్న నీ మంచం నువ్వే దించుకో. మెట్ల మలుపు ఇరుకు, గోడకి గీతలు పడితే ఓనరమ్మ ఊరుకోదు.

తాత లేచి, గడప దాటి లోపలికి వచ్చి, మంచం పట్టే చోటేదో అడుగులతో కొలుచుకుని, గొణుక్కుంటూ మెట్లెక్కాడు.